రజాకారు వేషం ఎవరికి?

సెప్టెంబర్ 17 దగ్గర పడుతున్న రోజుల్లో మా అమ్మాయి బడి నుంచి వస్తూనే ఖాకీ చొక్కా, ఖాకీ ప్యాంటు కావాలంది. ఏడో తరగతి చదువుతోంది. బడిలో నాటకం వేస్తున్నారట. ఏం వేషం బేటా అని అడిగితే "రజాకారు" అంది. మిగతావాళ్లకు? ఒకమ్మాయి చాకలి ఐలమ్మ, ఒకబ్బాయి దొడ్డి కొమరయ్య, ఇంకొకడు సర్దార్ పటేల్. రజాకార్లు ముగ్గురు. ఆ ముగ్గురూ ఆ తరగతిలో ఉన్న ముగ్గురు ముస్లిం పిల్లలే. "మీకు ఉర్దూ వచ్చు కదా, డైలాగులు బాగా చెప్తారు అన్నారబ్బా టీచర్" అంది మా అమ్మాయి, కొంచెం గర్వంగానే.

ఆ టీచరమ్మ మీద మాకు కోపం లేదు. ఆమె ఏ జెండా పట్టుకున్న మనిషీ కాదు. పిల్లలకు చరిత్ర కళ్లకు కట్టినట్టు చెప్పాలనుకుంది, అంతే. కానీ ఆ ప్రయత్నంలో ఆమెకే తెలియకుండా ఒక పని జరిగిపోయింది. ఉర్దూ ఎవరి జుబానో వాళ్లకే ఖాకీ తొడిగింది. వాళ్ల నాన్నలు కూడా పుట్టని ఏడాది తాలూకు లెక్కను ఆ ముగ్గురు పిల్లల చేతిలో పెట్టింది. ఈ వ్యాసం ఆమె మీద ఫిర్యాదు కాదు. యుద్ధాన్ని పిల్లలకు కథగా చెప్పేటప్పుడు ఆ కథ ఏ పిల్లవాణ్ణి ఎక్కడ నిలబెడుతుంది? మా పేచీ అంతా దాని గురించే.

పాఠ్యపుస్తకంలో పోలీస్ యాక్షన్ కొన్ని వాక్యాలే. 1948 సెప్టెంబర్ 13న యూనియన్ సైన్యాలు హైదరాబాద్ సంస్థానంలోకి రావడం, 17న నిజాం లొంగిపోవడం, ఐదు రోజుల్లో కథ ముగియడం. సైన్యం చేసిన పనికి పోలీసు పేరెందుకు పెట్టారని ఏ పిల్లవాడూ అడగడు. అడిగినా చెప్పే ఓపిక ఎవరికీ లేదు. ఆ రోజును ఏమని పిలవాలో పెద్దవాళ్లకే ఇంకా కుదరలేదు. 2022లో కేంద్రం విమోచన దినం అంటే రాష్ట్రం జాతీయ సమైక్యతా దినం అంది. 2024లో అది ప్రజాపాలన దినోత్సవం అయింది. ఈ పేర్ల పంచాయితీలో పిల్లలకు మిగిలిన ఖాళీనంతా కథే నింపుతుంది. నాటకం, పాట, సినిమా, ఇంట్లో ముసలమ్మ చెప్పే ముచ్చట. 2024లో 'రజాకార్' పేరుతోనే ఒక సినిమా వచ్చింది. దాన్ని చూసిన పిల్లలకు తేదీలు గుర్తుండవు. గడ్డాలూ టోపీలూ గుర్తుంటాయి.

మా అమ్మాయి చెప్పిన వేషాల పట్టికను మరోసారి చూడండి. అందులో దేశ్‌ముఖ్ లేడు. ఐలమ్మ తన భూమి కోసం, పంట కోసం కొట్లాడింది ఎవరితో? విస్నూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డితో. 1946 జులై 4న కడవెండిలో కొమరయ్యను కాల్చి చంపింది ఎవరు? అదే దేశ్‌ముఖ్ మనుషులు. అంతకు ముందే, 1940లో, అదే దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచి కోర్టులో గెలిచి ప్రాణం పోగొట్టుకున్నవాడు షేక్ బందగీ. నాటకంలో దేశ్‌ముఖ్ వేషమూ లేదు, బందగీ వేషమూ లేదు. దొర చేసిన పాపం కూడా రజాకారు ఖాతాలో పడింది. భూమి కోసం జరిగిన యుద్ధం మతాల యుద్ధమైపోవడానికి ఏ పెద్ద కుట్రా అక్కరలేదు. ఏడో తరగతి నాటకంలో రెండు వేషాలు తగ్గిస్తే చాలు.

అలాగని రజాకార్లు చేసింది తక్కువేమీ కాదు. 1948 ఆగస్టులో భైరాన్‌పల్లిలో నిజాం బలగాలు, రజాకార్లు కలిసి ఊరి మీద పడి పదుల మందిని చంపారు. అదే నెలలో హైదరాబాద్ నడివీధిలో షోయబుల్లా ఖాన్‌ను నరికారు. ఆయన ఉర్దూ పత్రిక 'ఇమ్రోజ్' సంపాదకుడు. మా వృత్తిలో మాకు పెద్దన్న. సంస్థానం ఇండియాలో కలవాలని రాసినందుకు చంపారు. ఉర్దూ వచ్చిన పిల్లలకు ఆయన వేషం ఇవ్వొచ్చన్న ఆలోచన ఎవరికీ రాలేదు.

ఇక పుస్తకాల సంగతి. మేం రెండు అల్మారాల మధ్య పెరిగినవాళ్లం. ఒకటి తెలుగుది. చందమామలు, పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం, బాపిరాజు గారి 'గోన గన్నారెడ్డి', విశాలాంధ్ర షాపులో చవగ్గా దొరికిన సోవియట్ పిల్లల పుస్తకాలు. రెండోది ఉర్దూది. అందులో అబ్దుల్ హలీం షరర్, నసీం హిజాజీ. షరర్ కొంతకాలం హైదరాబాద్ కొలువులో ఉన్నవాడే. వాల్టర్ స్కాట్ 'టాలిస్మాన్' నవలలో క్రూసేడ్ల కాలపు ముస్లింలను చూపిన తీరుకు మండి 1888లో 'మలికుల్ అజీజ్ వర్జినా' రాశాడు. ఉర్దూ చారిత్రక నవల అలా ఒక జవాబుగా మొదలైంది. జవాబుగా మొదలైనదానికి ఒక చిక్కుంది. అవతలివాడు గీసిన గీతలోనే అది బతకాలి. వాడు మనల్ని దయ్యాన్ని చేస్తే మనం మనల్ని ఫరిష్తాను చేసుకోవాలి. ఆ పనిని నసీం హిజాజీ పూర్తి చేశాడు. మహమ్మద్ బిన్ ఖాసిం మీద, టిప్పు సుల్తాన్ పోరాటం మీద ఆయన నవలల్ని మా వయసు పిల్లలం రాత్రుళ్లు దుప్పటి కింద చదివాం. ఆయన ముజాహిద్‌కు పిరికితనం ఉండదు, అనుమానం ఉండదు, పొరుగింటివాడు అసలే ఉండడు.

ఈ రెండు అల్మారాల మధ్య పెద్ద గోడ ఉందనుకుంటాం. నిజానికి అవి చేసే పని ఒకటే. చదివే పిల్లవాణ్ణి గుర్రమెక్కించి చేతికి కత్తిస్తాయి. ఓడినా మనదే న్యాయం, గెలిచినా మనదే న్యాయం. కత్తి ఎవరి మీద పడిందో వాడి ఇంట్లో ఆ రాత్రి ఏమైందో మాకు ఏ పుస్తకమూ చెప్పలేదు. సోవియట్ పుస్తకాల్లో మాత్రం ఆకలి, చలి, నాన్న కోసం ఎదురుచూపు ఉండేవి. అందుకే కాబోలు అవి ఇంకా గుర్తున్నాయి. అయితే అక్కడా శత్రువు దూరపువాడే. పక్కింటివాడు కాదు.

పక్కింటివాడి గురించిన పుస్తకం ఒకటి ఆబిడ్స్‌లో ఆదివారం పుట్‌పాత్ మీద దొరికింది. ఇంగ్లీషు అనువాదం, అట్ట చిరిగింది. పేరు 'ఫ్రీడ్రిష్'. రాసింది హాన్స్ పీటర్ రిష్టర్ అనే జర్మన్. 1925లో పుట్టినవాడు, హిట్లర్ సైన్యంలో పనిచేసినవాడు. నవల 1961లో వచ్చింది. జర్మన్ పేరును తెలుగులో చెప్పాలంటే 'ఆనాడు అది ఫ్రీడ్రిష్' అవుతుంది. జర్మనీ బళ్లలో తరాలుగా పిల్లల చేత చదివిస్తున్న పుస్తకం.

కథ చిన్నదే. ఒకే ఇంట్లో రెండు వాటాలు. కింద ఒక జర్మన్ కుటుంబం, పైన ష్నైడర్ అనే యూదు కుటుంబం. వారం తేడాతో ఇద్దరు మగపిల్లలు పుడతారు. పైవాడు ఫ్రీడ్రిష్. కిందివాడే కథ చెప్పేది. వాడికి పుస్తకమంతా పేరు లేదు. అధ్యాయం అధ్యాయానికీ ఏడాది వేసి ఉంటుంది. 1933లో ఒక బంతి పోయి దుకాణం అద్దం పగులుతుంది. విసిరింది కిందివాడు. దుకాణం ఆమె పట్టుకున్నది ఫ్రీడ్రిష్‌ను. నేనే విసిరానని కిందివాడు ఎంత చెప్పినా ఆమె నమ్మదు, పోలీసూ నమ్మడు. ఈ ఒక్క సంఘటన చదివి మేం పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాం. ఊళ్లో ఏం జరిగినా మన మొహల్లాకే జీపు ఎందుకొస్తుందో పదేళ్ల పిల్లవాడికి చెప్పాలంటే ఇంతకంటే ఎలా చెప్తాం?

కిందింటి నాన్నకు ఉద్యోగం లేదు. పార్టీలో చేరితే ఉద్యోగం దొరుకుతుంది. చేరతాడు. పెద్ద దుర్మార్గుడేమీ కాదు. ష్నైడర్‌ను పక్కకు పిలిచి దేశం వదిలి వెళ్లిపొమ్మని హితవు కూడా చెప్తాడు. 1938లో యూదుల ఇళ్ల మీద దాడులు జరిగిన రోజున కథ చెప్పే పిల్లవాడు గుంపు వెంట పోతాడు. చూస్తూ చూస్తూ తనూ సుత్తి పట్టుకుంటాడు. అద్దాలు, బల్లలు, పుస్తకాలు పగలగొడతాడు. సంతోషంగా ఉంటుంది వాడికి. తర్వాత చేతులు నొప్పి పుట్టి, కడుపులో తిప్పి ఇంటికొస్తే పైవాటా తలుపులు విరిగి ఉంటాయి. ఫ్రీడ్రిష్ తల్లి ఆ దెబ్బతోనే చనిపోతుంది. 1942లో పైనుంచి బాంబులు పడుతుంటే ఫ్రీడ్రిష్‌ను దాక్కునే చోటులోకి రానివ్వడు ఇంటి ఓనర్ రెష్. బాంబులాగాక అందరూ బయటికొస్తారు. మెట్ల మీద పిల్లవాడు చచ్చి ఉంటాడు.

రచయిత ఎక్కడా తిట్టడు, ఏడవడు. వెనక పేజీల్లో ఏ ఏడాది యూదుల మీద ఏ చట్టం వచ్చిందో పట్టిక ఇస్తాడు, అంతే. మమ్మల్ని పట్టుకున్నది ఆ సుత్తి. రిష్టర్ తలుచుకుంటే కథ చెప్పే పిల్లవాణ్ణి మంచివాణ్ణి చేయగలడు. స్నేహితుణ్ణి అటక మీద దాచిపెట్టినట్టు రాయగలడు. చదివే జర్మన్ పిల్లలు హాయిగా ఊపిరి పీల్చుకుందురు. ఆయన అలా చేయలేదు. పేరు లేని ఆ పిల్లవాడి చోట్లో ఏ పిల్లవాడైనా తనను పెట్టుకోవలసిందే. తర్వాతి ఏడాది, 1962లో, హిట్లర్ యువదళంలో పెరిగిన కుర్రాళ్ల గురించి రాసిన నవలకు 'మేమూ అక్కడే ఉన్నాం' అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. ఈ 'మేమూ' అన్న మాట అనగలిగిన పిల్లల పుస్తకాలు ప్రపంచంలో ఎన్ని ఉంటాయి?

దీనికి పూర్తిగా ఎదురుగా నిలిచేది జాన్ బాయిన్ రాసిన 'ది బాయ్ ఇన్ ది స్ట్రైప్డ్ పజామాస్'. 2006లో వచ్చి లోకమంతా అమ్ముడుపోయింది, సినిమా కూడా అయింది. నాజీ క్యాంపు అధికారి కొడుకు, తొమ్మిదేళ్ల బ్రూనో, కంచె అవతలి యూదు పిల్లవాడితో స్నేహం చేసి, చివరికి పొరపాటున వాడితో పాటే గ్యాస్ గదిలో చనిపోతాడు. హైదరాబాద్‌లో ఇంగ్లీషు మీడియం పిల్లలు కూడా చదివి ఏడుస్తారు. ఎవరి కోసం ఏడుస్తారో గమనించారా? అధికారి కొడుకు కోసం. లక్షల మంది ఎవరి కోసం కట్టిన గదిలో చచ్చారో ఆ చావు మామూలుది, అందులోకి 'పొరపాటున' పోయినవాడి చావు విషాదం! నాజీ అధికారి ఇంట్లో పెరిగిన పిల్లవాడికి యూదు అంటే ఏమిటో తెలియదనడం ఇంకో అబద్ధం. 2020లో ఆష్విట్జ్ స్మారక మ్యూజియం వాళ్లే, ఆ చరిత్ర చదివేవాళ్లూ చెప్పేవాళ్లూ ఈ పుస్తకాన్ని దూరం పెట్టాలన్నారు. కథలో మంచితనం ఉంటే చాలు, వాస్తవం కాస్త అటూ ఇటూ అయినా ఫర్వాలేదనే మిత్రులు దీని గురించి ఆలోచించాలి.

'ఫ్రీడ్రిష్' విషయంలోనూ మాకు పేచీ ఉంది. ఫ్రీడ్రిష్ మనసులో ఏముందో పుస్తకమంతా మనకు తెలియదు. వాడు కిందింటి పిల్లవాడి కళ్లకు కనిపించినంత మేరకే ఉన్నాడు. మైనారిటీ పిల్లవాడు మెజారిటీ పిల్లవాడి అంతరాత్మకు అద్దంగా మిగిలిపోయాడు. అద్దం పగిలింది, చూసుకున్నవాడు మారాడు. మంచిదే. కానీ అద్దానికి కూడా ఒక కథ ఉంటుంది కదా. ఆ లోటు తీర్చింది జుడిత్ కెర్. 1971లో ఆమె తన బాల్యాన్నే నవల చేసింది. 'వెన్ హిట్లర్ స్టోల్ పింక్ రాబిట్'లో తొమ్మిదేళ్ల ఆనా 1933లో కుటుంబంతో పాటు బెర్లిన్ విడిచి స్విట్జర్లాండ్, ప్యారిస్, చివరికి లండన్ చేరుతుంది. ఒక్క బొమ్మనే తెచ్చుకోవచ్చంటే కొత్తదాన్ని తెచ్చుకుని పాత గులాబీ కుందేలును వదిలేస్తుంది. అది హిట్లర్‌కు దొరికిందని దిగులు. ఆ పిల్ల బాధితురాలిలా మాట్లాడదు. కొత్త భాష రాక తంటాలు పడుతుంది, అన్నతో కీచులాడుతుంది, నవ్వుతుంది. ఈ రెండు పుస్తకాలూ పక్కపక్కన ఉంటేనే చరిత్రకు రెండు కళ్లూ వస్తాయి.

2023 అక్టోబర్ నుంచి గాజాలో పిల్లల శవాలు చూసి చూసి అలసిన మా మిత్రుడొకడు అడిగాడు, ఇప్పుడు నీకు యూదు పిల్లల కథలే దొరికాయా అని. దొరికాయి. గాజా పిల్లవాడి కోసం ఏడ్చే హక్కును మేం ఎవరి దగ్గరా అడుక్కోం. కానీ 1942లో మెట్ల మీద పడి ఉన్న పిల్లవాడు ఆ లెక్కలోకి రాడనుకుంటే మేమూ రెష్ పక్కన నిలబడ్డట్టే.

ఇక మా ఇంటి సంగతికి వస్తాం. మా దాదీ ఊరు అప్పుడు బీదర్ జిల్లాలో, ఇప్పుడు సంగారెడ్డి జిల్లాలో ఉంది. పోలీస్ యాక్షన్ నాటికి ఆమెకు పన్నెండేళ్లు. మా చిన్నప్పుడు ఒకే కథ చెప్పేది. సైన్యం వచ్చిపోయాక గుంపులు ఇళ్ల మీద పడ్డాయి. పక్కనున్న సాలోళ్ల అవ్వ ఆమెనూ, ఆమె చెల్లెనూ మగ్గం గుంటలో కూర్చోబెట్టి పైన నేత పరిచింది. తలుపు దగ్గరికొచ్చినవాళ్లతో ఇక్కడెవరూ లేరంది. రెండు రాత్రులు గుంటలో. దాదీ ఆ గుంటలోని తడి మట్టి వాసన గురించి కూడా చెప్పేది. ఆ కథ విని మేం ఎన్నిసార్లు గుంటలో దాక్కున్నామో!

దాదీ చనిపోవడానికి ఏడాది ముందు ఇంకో సగం చెప్పింది. ఆమె సొంత మామూ రజాకార్లలో చేరాడు. ఖాకీ వేసుకుని ఊళ్లో కవాతు చేసేవాడు. సాలోళ్ల ఇంటి నుంచి చందా పేరుతో బట్టల తాను ఎత్తుకొచ్చాడు. ఆ తానుతోనే దాదీకి ఈద్‌కు కుర్తా కుట్టారు. గుంటలో దాక్కున్న రెండు రాత్రులూ ఆమె ఒంటి మీద ఉన్నది ఆ కుర్తానే. అవ్వ గుర్తుపట్టిందో లేదో దాదీకి చచ్చేదాకా తెలియలేదు. మాకు అంతవరకూ ఎందుకు చెప్పలేదంటే, "పిల్లలకెందుకురా" అంది.

ఇదే మన దగ్గర లేని పుస్తకం. మొదటి సగం మాత్రమే చెప్తే అది మా హిజాజీ అవుతుంది. రెండో సగం మాత్రమే చెప్తే బడి నాటకం అవుతుంది. కుర్తా, గుంట ఒకే పిల్ల కథలో ఉన్నాయి. మైనారిటీ రచయితలం మా గాయాల గురించి రాయడం నేర్చుకున్నాం. మా ఇంట్లోని ఖాకీ గురించి పిల్లలకు చెప్పడం నేర్చుకోలేదు. మేం చెప్పకపోతే ఇంకొకరు తమకు తోచినట్టు చెప్తారు. చెప్తున్నారు కూడా.

పెద్దల సాహిత్యంలో ఈ కాలం లేకపోలేదు. వట్టికోట ఆళ్వారుస్వామి 'ప్రజల మనిషి', దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు' ఉన్నాయి. కిషన్ చందర్ ఉర్దూ నవల 'జబ్ ఖేత్ జాగే' ఆధారంగా 'మా భూమి' సినిమా వచ్చింది. జీలానీ బానూ 'ఐవాన్-ఎ-గజల్' ఉంది. నెల్లూరి కేశవస్వామి పాతనగరం ముస్లిం ఇళ్లలోకి పోయి రాసిన కథలున్నాయి. ఒక్కటీ పన్నెండేళ్ల పిల్ల కోసం రాసింది కాదు. ఉర్దూలోవి తెలుగు పిల్లలకు, తెలుగువి ఉర్దూ పిల్లలకు అందలేదు. మా సెక్యులర్ మిత్రులు సాయుధ పోరాటం గురించి పిల్లలకు చెప్పేటప్పుడు సెప్టెంబర్ 17 దగ్గర హఠాత్తుగా పుస్తకం మూస్తారు. సైన్యం కమ్యూనిస్టుల మీదికి తిరిగిన దగ్గర మళ్లీ తెరుస్తారు. మధ్య పేజీల్లో ఏముందో సుందర్‌లాల్ కమిటీ రాసింది. పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ 1948 నవంబర్, డిసెంబర్ నెలల్లో జిల్లాలు తిరిగి, సంస్థానమంతటా కలిపి 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని అంచనా వేశారు. ఎక్కువగా దెబ్బతిన్నవి ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు. ఆ నివేదిక దశాబ్దాల పాటు బయటికి రాలేదు. 2013 నాటికి గానీ ఢిల్లీలో నెహ్రూ మెమోరియల్ లైబ్రరీలో చూసే వీలు కలగలేదు. అందులోనే ఇంకో మాట ఉంది. కొన్నిచోట్ల హిందూ నేతగాళ్లు ముస్లిం నేతగాళ్లను కాపాడారనీ, అందుకోసం ప్రాణాలు కూడా పోగొట్టుకున్నారనీ. మా దాదీ ఆ నివేదిక పేరు కూడా విని ఉండదు.

ఇంత ఘోరం పిల్లలకు చెప్పొచ్చా అని అడిగేవాళ్లున్నారు. జపాన్‌లోనూ అడిగారు. హిరోషిమా బాంబు నుంచి ఆరేళ్ల వయసులో బతికి బయటపడ్డ కేజీ నకజావా 1973 నుంచి 'బేర్‌ఫుట్ జెన్' అనే బొమ్మల కథ గీశాడు. అమెరికా బాంబునూ చూపాడు, బాంబుకు ముందు జపాన్ చేసిన దుర్మార్గాన్నీ, పక్కింటి కొరియా మనిషి పడ్డ అవమానాన్నీ చూపాడు. మట్సుయే నగరంలో 2012లో దాన్ని బడి లైబ్రరీల్లో పిల్లలకు అందకుండా పెట్టించారు, గొడవ జరిగాక మరుసటేడు వెనక్కి తగ్గారు. 2023లో హిరోషిమా నగరమే తన శాంతి పాఠాల్లోంచి దాన్ని తీసేసింది. పిల్లలు భయపడతారన్నది ఎప్పుడూ మొదటి కారణమే. మా అనుమానం మాత్రం, భయపడేది పెద్దలేనని. పిల్లలకు ఎంత రక్తం చూపాలన్నది రచయిత విచక్షణ. 'ఫ్రీడ్రిష్'లో రక్తం చాలా తక్కువ. బంతి ఉంది, సుత్తి ఉంది, మెట్లున్నాయి.

బడికి వెళ్లిన సంగతి చెప్తామన్నాం. టీచరమ్మ కుర్చీ వేసి కూర్చోబెట్టింది. మేం దేశ్‌ముఖ్ గురించి, బందగీ గురించి, షోయబుల్లా ఖాన్ గురించి చెప్పాం. ఆమె నోటు పుస్తకంలో రాసుకుంది. బందగీ పేరు ఎప్పుడూ వినలేదంది. దాదీ కథ కూడా చెప్పాం, కుర్తాతో సహా. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇదంతా పిల్లలు చదివేలా ఏదైనా పుస్తకం ఉంటే ఇవ్వండి సార్, క్లాసులో చదివిస్తాను. తెలుగులోనైనా సరే, ఉర్దూలోనైనా సరే, మీవాళ్లెవరైనా చదివి చెప్తారు" అంది. మేం రెండు అల్మారాలూ మనసులో తిరగేసుకుని లేదని చెప్పాం.

ఆ ఏడాది నాటకంలో దేశ్‌ముఖ్ వేషం చేర్చారు. వేషాలకు చీటీలు తీశారు. మా అమ్మాయికి ఏ వేషమూ రాలేదు, తెర లాగే పని వచ్చింది. ఖాకీ చొక్కా కుట్టించలేదని మా మీద రెండు రోజులు అలిగింది.